గబ్బిలాలు, బాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో సార్వా ఊడ్పులు మొదలై జ్వరాలు పెరిగే రోజుల్లో మా ప్రయోగశాలకు రక్తనమూనాలతో పాటు ఒక ప్రశ్న కూడా వస్తూ ఉంటుంది. ఊరి చివరి చింతచెట్టుకు వేలాడే గబ్బిలాలే ఈ జ్వరాలకు కారణమా అన్నది ఆ ప్రశ్న.

అపోహ: గబ్బిలంలో ఒక బాక్టీరియా దొరికిందంటే దాని నుంచి మనకు ఆ జబ్బు వచ్చినట్టే.

వాస్తవం: లెప్టోస్పైరా, బార్టొనెల్లా, సాల్మొనెల్లా వంటివి గబ్బిలాల్లో ఉన్నట్టు అనేక దేశాల్లో తేలింది, అందులో సందేహం లేదు. అయితే గబ్బిలం మూత్రపిండంలో బాక్టీరియా డీఎన్ఏ కనిపించడం వేరు, ఆ బాక్టీరియా ప్రాణంతో బయటపడి, మనిషి ఒంట్లోకి చేరి జబ్బు చేయడం వేరు. ఈ మెట్లన్నీ రుజువైన సందర్భాలు బహు అరుదు. అమెరికాలో గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ సోకిన ఒక రోగిలో బయటపడిన కొత్త రకం బార్టొనెల్లా గురించి 2010లో ప్రచురించారు. 2014లో అదే రకం ఫిన్లాండ్ గబ్బిలాల్లో కనిపించింది. అంతమాత్రాన ఆ రోగికి అది గబ్బిలం నుంచే సోకిందని నిరూపణ కాలేదు, అలాగని ఆ అవకాశాన్ని కొట్టిపారేయడానికీ వీల్లేదు. వార్తల్లో మాత్రం ఇలాంటి సందిగ్ధానికి చోటు దొరకదు.

అపోహ: మన చేలల్లో వచ్చే ఎలుక జ్వరానికి గబ్బిలాలే మూలం.

వాస్తవం: ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరా వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, మన దగ్గర ప్రధానంగా ఎలుకలు, పందికొక్కుల మూత్రం వల్ల వస్తుంది, పశువులు, పందులు, కుక్కల నుంచి కూడా రావచ్చు. గట్టు బొరియల్లో ఉండే ఎలుకల మూత్రం దమ్ము చేసిన చేలోని నీటిలో కలుస్తుంది, ఆ తడి మట్టిలో బాక్టీరియా వారాల తరబడి బతుకుతుంది, రోజంతా నీళ్లలో నాని ఒరిసిపోయిన కాలి వేళ్ల సందుల్లోంచి ఒంట్లోకి దిగుతుంది. జ్వరంతో పాటు పిక్కలు పట్టుకుంటే నొప్పి, కళ్లు ఎర్రబడడం ఉంటే దీన్ని అనుమానించాలి. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదటి వారంలో యాంటీబాడీ పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు కాబట్టి ఆ ఫలితం కోసం వైద్యులు చికిత్స ఆపకూడదు. చేలో దిగిన సంగతి వైద్యుడికి చెప్పడం ముఖ్యం. ఎలుకల బుట్టలు పెట్టించడం, బూట్లు వేసుకోవడం గబ్బిలాలను తరమడం కంటే ఎన్నో రెట్లు మేలు.

అపోహ: గబ్బిలాల రెట్ట ఎండిపోతే ప్రమాదం ఉండదు.

వాస్తవం: ఇది సగమే నిజం. లెప్టోస్పైరా ఎండితే చచ్చిపోతుంది. కానీ పాత రెట్టలో పెరిగే హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం, ఎండిన రెట్టను పొడిచీపురుతో ఊడ్చినప్పుడే ధూళితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పెంకుటింటి అటక శుభ్రం చేసేటప్పుడు ముందుగా నీళ్లు చల్లి తడిపి, బాగా పట్టి ఉండే మాస్కు, చేతి తొడుగులు వేసుకుని ఎత్తిపోయాలి.

అపోహ: చెట్టు కొట్టేస్తే, గబ్బిలాలను చంపేస్తే పీడ వదులుతుంది.

వాస్తవం: ఉగాండాలోని కిటాకా గనిలో మార్బర్గ్ అనే ప్రాణాంతక వైరస్ భయంతో 2008లో గబ్బిలాలను నిర్మూలించారు. తర్వాత కొత్త గబ్బిలాలు అక్కడ చేరగా, వాటిలో వైరస్ సోకినవాటి నిష్పత్తి మునుపటికంటే ఎక్కువగా కనిపించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను చంపడానికి అడ్డులేని హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణ ఆ జాబితానే తీసేసింది.

అపోహ: గబ్బిలం కొరికిన పండును కడిగి, ఆ ముక్క కోసేసి తినవచ్చు.

వాస్తవం: పారేయాలి. మూత కట్టని కల్లు ముంతకూ ఇదే వర్తిస్తుంది. బంగ్లాదేశ్‌లో చాలామందికి పచ్చి ఖర్జూర నీరా ద్వారా నిపా అనే ప్రాణాంతక వైరస్ సోకింది.

అపోహ: గబ్బిలం కరిస్తే యాంటీబయాటిక్ వేసుకుంటే చాలు.

వాస్తవం: రేబిస్, నిపా రెండూ వైరస్‌లు, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు. కాటు చిన్నదైనా సబ్బు, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి వెళ్లాలి. చచ్చిన గబ్బిలాన్ని కూడా ఉత్త చేతులతో తీయకూడదు. పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచాలి.