పెట్రోలు పోల్ సా కొనేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మామిడి కాపు దిగి, తొలకరి గాలులు మొదలయ్యే రోజుల్లో మా దుకాణానికి వచ్చేవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "మీ దగ్గర అన్నిటికంటే పొడవైన పోల్ సా ఏది?" పోల్ సా అంటే పొడవైన గడ కొసకు చిన్న చైను రంపం బిగించిన, కొమ్మలు కొట్టే మెషీను. జంగారెడ్డిగూడెంలో పదహారేళ్లుగా బ్రష్ కట్టర్లు, చైన్ సాలు, పోల్ సాలు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. ధర మాట ఎత్తకముందే నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. "మీరు కొట్టాలనుకుంటున్న కొమ్మకు కరెంటు తీగ ఎంత దూరంలో ఉంది?" చాలామంది అక్కడ ఆగి ఆలోచిస్తారు. కొందరు మాత్రం "దాని కోసమే కదా ఇంత పొడవు గడ అడుగుతున్నది" అంటారు. ఆ మాట వింటే నాకు గుండె జారిపోతుంది. ఇది రాయడానికి కారణం అదే.

అపోహ: గడ పొడవుగా ఉంటే తీగకు దూరంగా నిలబడి కొమ్మ కొట్టవచ్చు

వాస్తవం: పెట్రోలు పోల్ సాకు కరెంటును ఆపే శక్తి ఏమాత్రం లేదు. మనిషి ఎంత దూరంలో నిలబడినా, గడ తీగకు తగిలితే ఆ మనిషి తీగను పట్టుకున్నట్టే.

పోయిన జూన్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ఫోనులో ఫోటో తెచ్చి చూపించారు. ప్రహరీ పక్కన ముప్పై ఏళ్ల వేపచెట్టు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తే ఆకుల వెనక మూడు తీగలు కనిపించాయి. వాటికి ఆనుకున్న రెమ్మల చివర్లు మాడి నల్లబడి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా అక్కడ నిప్పురవ్వలు రాలుతున్నాయని, రాత్రిళ్లు ఆయన భార్యకు నిద్ర పట్టడం లేదని చెప్పారు. "నేను గోడకు ఇవతలే నిలబడతాను బాబూ. చేతికి రబ్బరు పట్టు ఉంది, కాళ్లకు చెప్పులుంటాయి. ఇంకేం భయం?" అన్నారు.

నేను మాటలు పెట్టుకోకుండా మల్టీమీటరు తీశాను. ఒక మొనను రంపం దగ్గరి గేర్ హెడ్ బోల్టుకు, రెండోదాన్ని హ్యాండిల్ దగ్గరి క్లాంపు బోల్టుకు ఆనించాను. మీటరు కూత పెట్టింది, అంటే ఆ రెండింటి మధ్య కరెంటుకు దారి ఉందన్నమాట. పైన రంపం ఇనుము, మధ్యలో గొట్టం అల్యూమినియం, ఆ గొట్టం లోపల ఇంజను నుంచి రంపం దాకా తిరిగే ఉక్కు షాఫ్టు, కింద ఇంజను. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే లోహం. హ్యాండిల్‌కు ఉన్న రబ్బరు చేయి జారకుండా, అదురు తగ్గేలా వేసినది. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల ముందు ఆ రబ్బరు, మన చెప్పులు ఏపాటివి? మాస్టారు మీటరు వైపు చూసి, ఫోను జేబులో పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయారు.

"మరి ఫైబర్ గడ ఉంటుందట కదా, వీడియోలో చూశాం" అని ఇంకొందరు వస్తారు. ఇలాంటి వీడియోలు పెట్టేవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది. గొట్టం ఫైబర్‌దైనా లోపల తిరిగేది ఉక్కు షాఫ్టే. కార్బన్ ఫైబర్ అయితే అదే కరెంటును మోస్తుంది. లైన్‌మెన్ వాడే ఇన్సులేటెడ్ రాడ్లు వేరు, వాటిని ఫలానా వోల్టేజీకి తట్టుకుంటాయని పరీక్షించి ఇస్తారు. తోటపని మెషీనుకు ఆ పరీక్ష ఉండదు. పేరున్న కంపెనీల పోల్ సా పుస్తకాలు తెరిచి చూడండి: ఈ పరికరం విద్యుదాఘాతం నుంచి రక్షించదు, తీగలకు కనీసం 15 మీటర్లు దూరం ఉంచండి అని రాసి ఉంటుంది. 15 మీటర్లంటే దాదాపు 50 అడుగులు. మెషీనుకే కాదు, మెషీను తాకుతున్న కొమ్మకు కూడా ఆ దూరం వర్తిస్తుంది.

కొమ్మకు ఎందుకంటే, పచ్చికొమ్మ నిండా రసం ఉంటుంది, వాన పడితే పైనంతా తడి. అదీ కరెంటును మోస్తుంది. పైగా తెగిన కొమ్మ నిట్టనిలువుగా కిందికి రాదు. బరువంతా ఆకులున్న కొసన ఉంటుంది కాబట్టి ముందు కొస వాలుతుంది, తర్వాత మొదలు లేచి పక్కకు తిరుగుతుంది. మూడు మీటర్ల కొమ్మ అలా తిరిగితే, కోసేటప్పుడు రెండు మీటర్ల అవతల ఉన్న తీగను కోశాక పోయి తాకుతుంది.

ఎత్తు లెక్క కూడా చూడండి. నిబంధనల ప్రకారం వీధి వెంట వెళ్లే ఎల్‌టీ తీగ (ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజీ తీగ) నేలకు కనీసం 5.5 మీటర్లు, 11 కేవీ తీగ కనీసం 5.8 మీటర్లు ఎత్తున ఉండాలి. వీధి కాని చోట, అంటే తోటలు, ఖాళీ స్థలాల్లో, 11 కేవీ తీగ కూడా 4.6 మీటర్లు ఉంటే సరిపోతుంది. పూర్తిగా చాపిన పోల్ సాను మామూలు ఎత్తు మనిషి పట్టుకుంటే రంపం చేరే ఎత్తు సుమారు 5 మీటర్లు. మీరు అడిగే ఆ "బాగా పొడవైన" మెషీను సరిగ్గా తీగ ఎత్తుకే తీసుకెళ్తుంది.

మా ప్రాంతంలో ఇది ఎవరికీ చెప్పనక్కర్లేదని ఒకప్పుడు అనుకునేవాడిని. పామాయిల్ తోటల్లో గెలలు కోసే అల్యూమినియం గడలు తీగలకు తగిలి కూలీలు చనిపోయిన వార్తలు చదవని వారు ఇక్కడ ఉండరు. మా దుకాణంలో కొడవలికి పదును పెట్టించుకునే ఒక కుర్రవాడు అలాగే పోయాడు. అప్పుడు అతను గెల కోయడం కూడా లేదు. ఒక చెట్టు పని ముగించి, గడను నిలువుగానే పట్టుకుని పక్క చెట్టుకు నడుస్తున్నాడు. అతను పదును పెట్టమని ఇచ్చిన రెండో కొడవలి ఇంకా మా దగ్గరే ఉంది. అందుకే మెషీను కొన్న ప్రతివారికీ చెబుతాను: చెట్టు మారేటప్పుడు ఇంజను ఆపండి, గడను పడుకోబెట్టి నడవండి.

"కరెంటు పోయినప్పుడు గబగబా కొట్టేస్తాం" అనేవారికి కూడా ఇక్కడే జవాబు. కరెంటు ఏ క్షణంలో తిరిగి వస్తుందో మీకు ఎవరూ చెప్పరు. లైన్ ఆగి ఉన్నా, పొరుగువారి జనరేటరును సరిగ్గా కలపకపోతే దాని కరెంటు వెనక్కి తీగలోకి వస్తుంది. విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ తీసుకోకుండా, అంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ లేకుండా, తీగ మీద చేయి వేయరు. లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, తీగలో కరెంటు లేదని పరీక్షించి, తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు వేశాకే పని మొదలుపెడతారు. రోజూ అదే పని చేసేవారే అంత జాగ్రత్త పడుతుంటే, మనం ఫ్యాను ఆగిపోయిందని చూసి చెట్టు దగ్గరికి వెళ్లడం ఎంత ప్రమాదం!

తీగ దగ్గర కొమ్మ ఉంటే చేయవలసింది 1912కు ఫోను చేయడం. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా విద్యుత్ ఫిర్యాదులకు అదే నంబరు. వెంటనే రాకపోతే సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఫోటో చూపించి అర్జీ ఇవ్వండి. కొమ్మ ఎప్పుడు విరిగిపడుతుందో అన్న ఆందోళన నాకు అర్థం అవుతుంది, ముఖ్యంగా ఇంట్లో పిల్లలో, పెద్దవారో ఉంటే. కానీ ఆ ఆందోళనలోనే మనిషి తొందరపడతాడు. మాస్టారి తరఫున నేనే ఫోను చేశాను. తొమ్మిదో రోజున లైన్‌మెన్ వచ్చి ఎల్‌సీ తీసుకుని అరగంటలో పని ముగించారు. ఆయన భార్య వారికి మజ్జిగ ఇచ్చి పంపారట.

అపోహ: గడ చాలకపోతే నిచ్చెన వేసుకుంటే సరి

వద్దు. నిచ్చెన మీద నిలబడి పోల్ సా నడపకూడదు. పెట్రోలు పోల్ సా బరువు సుమారు 6 నుంచి 8 కిలోలు. కొమ్మ తెగిన క్షణంలో రంపం మీది ఆనిక ఒక్కసారిగా పోయి, ఆ బరువంతా మన చేతుల మీద పడుతుంది. నేల మీద ఉంటే ఒక అడుగు వెనక్కి వేసి తమాయించుకుంటాం. నిచ్చెన మీద ఆ అడుగు ఎక్కడ వేస్తారు?

నేల మీద నిలబడినా కొమ్మకు సరిగ్గా కింద ఉండకూడదు. గడ నేలతో 60 డిగ్రీలకు మించి లేవకుండా, పక్కగా జరిగి నిలబడాలి. అంటే గడ పొడవులో కొంత ఆ వాలుకే పోతుంది. కొనేముందు ఈ లెక్క ఎవరూ వేసుకోరు. పొడవు పెరిగిన కొద్దీ బరువు కొసకు చేరి, భుజాలు త్వరగా అలసిపోతాయి. కొనేవారు పెద్దవారైతే మెషీనును బెల్టుతో భుజానికి తగిలించి, గడ పూర్తిగా చాపి, రెండు నిమిషాలు పైకెత్తి పట్టుకోమంటాను. మాస్టారికీ అలాగే ఇచ్చాను. నిమిషం గడిచేసరికి రంపం కొస గాలిలో వణకడం ఆయనే చూసుకున్నారు.

అపోహ: సీసీ ఎక్కువ ఉంటే పని బాగా జరుగుతుంది

ఇంటి చెట్లకు 25 నుంచి 36 సీసీ చాలు. పోల్ సాకు ఉండే బార్, అంటే చైను తిరిగే పట్టీ, 10 లేదా 12 అంగుళాలు, దానితో కోయవలసినవి చేతి మందం నుంచి మోకాలి మందం దాకా ఉన్న కొమ్మలు. 52 సీసీ అని డబ్బా మీద రాసిన ఇంజను అదనపు బరువు తప్ప ఏమీ ఇవ్వదు. కోత బాగుండాలంటే చైను పదునుగా ఉండాలి. రంపంపొట్టు పిండిలా రాలుతుంటే పదును పోయినట్టు, చిన్న చిన్న పెచ్చుల్లా రాలుతుంటే ఉన్నట్టు. చైనుకు సరిపోయే గుండ్రటి ఆకురాయి, ఎక్కువ పోల్ సాలకు 4 మిల్లీమీటర్లది, మెషీనుతోపాటే కొనుక్కోండి.

అపోహ: పెట్రోలు పోస్తే చాలు, ఆయిలు ఏదైనా ఒకటే

మా షెడ్డుకు పిస్టన్ పట్టేసి వచ్చే మెషీన్లలో ఎక్కువ వాటికి కారణం ఇదే. టూ-స్ట్రోక్ ఇంజనుకు ఆయిలు పెట్రోలులోనే కలపాలి. పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. బైకులో పోసే ఫోర్-స్ట్రోక్ ఆయిలు ఇందులో కలపకూడదు. హోండా జీఎక్స్35 లాంటి ఫోర్-స్ట్రోక్ ఇంజను ఉన్న మెషీనుకు ఆయిలు విడిగా పోయాలి, పెట్రోలులో కలపకూడదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోలును నెలకు మించి ఉంచవద్దు. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడపండి. ఏడాదికి ఒకసారి మెషీను బయటికి తీసి "తాడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు" అని తెచ్చేవాటిలో సాధారణంగా కార్బొరేటర్ శుభ్రం చేస్తే సరిపోతుంది. కంగారు పడి కొత్తది కొనకండి.

చైనుకు వేసే ఆయిలు మళ్లీ వేరే. బండిలోంచి తీసిన నల్ల ఆయిలు పోస్తే అందులోని లోహపు పొడి బార్‌ను అరగదీస్తుంది, ఆయిలు పంపును మూసేస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. కొబ్బరిచెట్టుకు పోల్ సా పనికిరాదు. పెద్దచెట్టు మట్టలు అందవు, అందినా పీచు చైనులో చుట్టుకుంటుంది. చెట్టెక్కేవారిని పిలవండి. కొమ్మ పైనుంచి ఒకే కోత పెడితే బెరడు చీలి మొదలు దాకా లాగేస్తుంది. కొసనుంచి ముక్కలు ముక్కలుగా తగ్గిస్తూ రండి, ప్రతి ముక్కకూ ముందు కింద చిన్న గాటు పెట్టి ఆ తర్వాత పైనుంచి కోయండి. కాండానికి అంటుకునే చోట ఉబ్బుగా ఉండే బెరడును తీసేయకండి, గాయం మానేది అక్కడి నుంచే. మామిడిని కాపు దిగిన వెంటనే కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు మూతలు లేకుండా తాడు లాగవద్దు. పిల్లలను 15 మీటర్ల అవతల ఉంచండి. ఇక చెట్టును మొదలంటా కొట్టాలంటే అది వేరే సంగతి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, పెరట్లో రెండు మూడు చెట్లే ఉంటే పెట్రోలు మెషీను అక్కర్లేదు. మణికట్టు మందం కొమ్మలకు మంచి దోటి, లేదా గడకు బిగించే చేతి రంపం చాలు. ఏడాదికి ఒక్కరోజు పని అయితే మెషీనును అద్దెకు తెచ్చుకోండి. తోట ఉన్నవారికి, ఏటా పది పదిహేను చెట్లు కత్తిరించేవారికి పెట్రోలు పోల్ సా కొనడం సబబే. మాస్టారు చివరికి ఒక దోటి కొనుక్కుని వెళ్లారు.

దుకాణానికి వచ్చేముందు ఒక పని చేయండి. చెట్టును రెండు వైపుల నుంచి ఫోటో తీయండి, తీగలు, సర్వీసు వైరు కూడా అందులో కనిపించాలి. కొట్టాలనుకునే కొమ్మల్లో అందే దాని చుట్టూ దారం చుట్టి, కొలిచినంత తెంపి జేబులో వేసుకోండి. ఆ ఫోటోలు, ఆ దారం చూస్తే మీకు ఏ మెషీను కావాలో, అసలు కావాలో వద్దో అక్కడికక్కడే చెప్పగలను.