అపోహలు - వాస్తవాలు: ఆ దోమ అవతలి నుంచి రాలేదు

మొన్న మళ్లీ అదే మాట. సరిహద్దు వాగు పక్కనున్న ఊళ్లో లార్వా (నీళ్లలో పెరిగే దోమ పిల్ల పురుగు) సర్వేకు వెళ్తే, ఒక పెద్దాయన నా చేతిలోని డిప్పర్ (నీళ్లు తీసే పొడవు కాడ గరిటె) చూసి నవ్వాడు. "ఇక్కడ వెతికి ఏం లాభం బాబూ? దోమలన్నీ అటు నుంచే వస్తాయి. వాళ్లు మందు కొట్టరు, మనం మంచాన పడతాం." ఆయన వెనకే మూత లేని నీళ్ల డ్రమ్ము. ఒక్క డిప్పర్ నీళ్లు తీసి తెల్ల ట్రేలో పోశాను. ముప్పై దాకా ఈడిస్, అంటే డెంగీ దోమ లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి. "ఇవి కూడా అటు నుంచే ఈదుకుంటూ వచ్చాయా పెద్దయ్యా?" అని అడగబోయి ఊరుకున్నాను.

దోమల్నీ, అవి తెచ్చే జబ్బుల్నీ వెతికే ఈ పనిలో పదిహేనేళ్లు దాటాయి, ఎక్కువ భాగం సరిహద్దు ఊళ్లలోనే. వాగుకు రెండు వైపులా పనిచేశాను. అవతలి ఒడ్డున కూర్చుంటే ఇదే మాట తిరగేసి చెబుతారు: దోమలు ఇటు నుంచి వస్తాయట!

అపోహ: సరిహద్దు అవతలి దోమలే మన జ్వరాలకు కారణం

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ రాస్తున్నాను.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఈడిస్ ఈజిప్టై పుట్టిన చోటు నుంచి మామూలుగా వంద, రెండు వందల మీటర్లు దాటదు. అంటే మీకు డెంగీ వచ్చిందంటే ఆ దోమ దాదాపుగా మీ ఇంటిదో, పక్కింటిదో, మీరు పనిచేసే చోటిదో. మలేరియా తెచ్చే అనాఫిలిస్ ఇంకాస్త దూరం పోతుంది, అయినా ఎక్కువ భాగం ఒకటి రెండు కిలోమీటర్ల లోపలే. వాగు ఒడ్డునే ఇళ్లుంటే అటు దోమ ఇటు రాదని నేను అనను. ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో బెలూన్లకు వలలు కట్టి చూస్తే 40 నుంచి 290 మీటర్ల ఎత్తులో అనాఫిలిస్ దోమలు దొరికాయని, గాలివాటున అవి చాలా దూరం కొట్టుకుపోగలవని 2019లో ఒక పరిశోధన వచ్చింది. అది మంచి పరిశోధన. కానీ దాన్ని పట్టుకుని "చూశారా, మేం ముందే చెప్పాం" అనేవాళ్లను చూస్తే చిరాకు వస్తుంది. గాలిలో దోమ ఎగరడం వేరు, మీ ఊళ్లో ఈ వారం పదిమంది జ్వరంతో పడుకోవడం వేరు.

అసలు మలేరియా దోమ రోగంతో పుట్టదు. రోగం ఉన్న మనిషిని కుట్టాలి, తాగిన రక్తంలోని పరాన్నజీవి దాని ఒంట్లో పది పన్నెండు రోజులు పెరగాలి, అప్పుడు గానీ అది ఇంకొకరికి అంటించలేదు. చాలా దోమలు అన్నాళ్లు బతకవు కూడా. మనిషి మాత్రం అదే పరాన్నజీవిని రక్తంలో పెట్టుకుని బస్సెక్కి ఒక్క పూటలో రెండు వందల కిలోమీటర్లు పోగలడు, అదీ ఒంట్లో ఏ నలతా లేకుండా. 2007లో ఇటలీలోని రవెన్నా ప్రాంతంలో రెండు వందల మందికి పైగా చికున్‌గున్యా వచ్చింది. వైరస్ అక్కడికి వచ్చింది భారతదేశం నుంచి వెళ్లిన ఒకే ఒక ప్రయాణికుడి ఒంట్లో. కుట్టినవి మాత్రం అక్కడి దోమలే. ఇక్కడో తమాషా ఉంది. అక్కడ కుట్టింది ఈడిస్‌లోనే టైగర్ దోమ అనే ఇంకో జాతి, అది ఇటలీలోకి వచ్చింది పాత టైర్ల లోడుల్లో. దాని గుడ్లు ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. దోమ సరిహద్దు దాటాలన్నా ఎక్కువగా మనమే బండెక్కించి పంపాలి.

నేను కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు తప్పకుండా చెప్పే ఉదాహరణ ఇంకొకటుంది. రియో గ్రాండే నదికి ఒక ఒడ్డున అమెరికాలోని లారెడో, ఇంకో ఒడ్డున మెక్సికోలోని న్యూవో లారెడో. మధ్యలో వంతెనలు, రోజంతా రాకపోకలు. 1999లో డెంగీ వచ్చినప్పుడు రెండు ఊళ్లలోనూ రక్తపరీక్షలు చేశారు. కొత్తగా సోకిన ఆనవాళ్లు మెక్సికో వైపు 16 శాతం మందిలో, అమెరికా వైపు 1.3 శాతం మందిలో కనిపించాయి. దోమలు ఎక్కువ ఉన్నదెక్కడో తెలుసా? అమెరికా వైపు! తేడా దోమల్లో లేదు, ఇళ్లలో ఉంది. ఏసీలు, మూసి ఉన్న కిటికీలు మనిషికీ దోమకూ మధ్య అడ్డు నిలిచాయి.

ఇంతకీ ఈ అపోహ వల్ల జరిగే నష్టం ఏమిటంటే, జనం నిజం దాచేస్తారు. కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో ముప్పై ఏళ్ల మనిషికి ఫాల్సిపారం, అంటే ప్రాణాల మీదికి తెచ్చే రకం మలేరియా వచ్చింది. ఫారంలో "గత నెలలో సరిహద్దు దాటారా?" అనే ప్రశ్నకు "లేదు" అని ఉంది. అంటే స్థానిక కేసు. రోగం ఈ ఊళ్లోనే అంటిందని లెక్క. ఇక చూసుకోండి, పదకొండు రోజులు వాగు గుంటలన్నీ జల్లెడ పట్టాం. తెల్లవారుజామున గోడల మీద వాలిన దోమల్ని గాజు గొట్టంతో పీల్చి పట్టుకోవడం, వాటి లాలాజల గ్రంథులు కోసి మైక్రోస్కోపు కింద చూడడం, మళ్లీ సాయంత్రం లైట్ ట్రాపులు (వెలుతురుతో దోమల్ని లాగి పట్టే సంచులు) కట్టడం. ఏమీ దొరకలేదు. పన్నెండో రోజు అతని భార్య నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది, "సార్, ఆయన మూడు వారాలు అటువైపు తోటలో గుడిసెలో పడుకున్నాడు. చెబితే ఇక పనికి పోనివ్వరని భయం."

ఆమె మీద నాకు కోపం రాలేదు. "జబ్బు మోసుకొచ్చేది వీళ్లే" అని ఊరంతా అంటుంటే ఎవరు చెబుతారు? కూలి పోతుంది, పరువు పోతుంది. కానీ ఆ పదకొండు రోజుల్లో అదే గుడిసెలో ఉన్న మిగతా నలుగురి దగ్గరికి ఎవరూ పోలేదు. మేం వెళ్లేసరికి ఒక కుర్రాణ్ణి స్పృహ లేని స్థితిలో మంచం మీద మోసుకెళ్తున్నారు. బతికాడు, కానీ అది మా గొప్ప కాదు. ఆ తర్వాత మా ఫారంలో ప్రశ్న మార్చేశాం. "సరిహద్దు దాటారా?" అని అడగం. "పోయిన నెలలో రాత్రిళ్లు ఎక్కడెక్కడ పడుకున్నారు?" అని అడుగుతాం. అనాఫిలిస్ కుట్టేది రాత్రే కదా, నాకు కావలసింది అదే. అందులో ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించదు.

చైనా 2021లో మలేరియా రహిత దేశంగా గుర్తింపు పొందింది. మయన్మార్‌ను ఆనుకుని ఉన్న యునాన్ ప్రాంతం వాళ్లకు పెద్ద తలనొప్పి. వాళ్లు నమ్ముకున్నది 1-3-7 పద్ధతిని. కేసు తేలిన ఒక రోజులో సమాచారం అందాలి, మూడు రోజుల్లో ఎక్కడ అంటిందో ఆరా తీయాలి, ఏడు రోజుల్లో ఆ చోట చర్యలు పూర్తవ్వాలి. రోగి నిజం చెప్పకపోతే ఈ మూడు అంకెలూ ఉత్తవే.

అపోహ: చెక్‌పోస్టులో జ్వరం చూసి ఆపేస్తే చాలు

చాలదు. దోమ కుట్టాక ఫాల్సిపారం బయటపడడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు, డెంగీకి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. డెంగీ సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు. థర్మల్ గన్ వీళ్లెవరినీ పట్టుకోలేదు. దానివల్ల జరిగేది ఒక్కటే, ఒళ్లు వెచ్చబడ్డవాడు చెక్‌పోస్టు వదిలేసి అడ్డదారిన వస్తాడు.

అపోహ: జ్వరం తగ్గింది, ఇక మాత్రలు ఎందుకు?

వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా కాలేయంలో నిద్రపోతుంది. రక్తంలోని పరాన్నజీవి పోయి జ్వరం తగ్గినా, కాలేయంలో దాక్కున్నదాన్ని చంపడానికి సాధారణంగా ప్రిమాక్విన్ 14 రోజులు వాడాలి. (రక్తకణాల్లోని జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటే ఆ మందు ప్రమాదం, గర్భిణులకు ఇవ్వకూడదు. డాక్టరు చెప్పకుండా మాత్రం వేసుకోవద్దు.) మూడో రోజే ఆపేస్తే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చలి, మళ్లీ వణుకు. అప్పుడేమంటారు? "మళ్లీ అవతలి దోమ కుట్టింది" అంటారు. కొత్తగా ఏ దోమా కుట్టలేదు, పాత జబ్బే లేచింది.

సగం కోర్సుల కథ ఒక మనిషితో ఆగదు. క్లోరోక్విన్ అనే మలేరియా మందుకు లొంగని ఫాల్సిపారం 1950ల చివర్లో మొదట కనిపించిన చోట్లలో థాయిలాండ్, కంబోడియా సరిహద్దు ఒకటి. సుమారు యాభై ఏళ్ల తర్వాత, ఆ తరువాతి మందు ఆర్టిమిసినిన్‌కు మొండికేసిన రకం కూడా పశ్చిమ కంబోడియాలోనే బయటపడింది. వలస కూలీలు, నకిలీ మందులు, ఒంటరి మందుగా వాడిన ఆర్టిమిసినిన్, మధ్యలో ఆపేసిన మాత్రలు, ఇవన్నీ సరిహద్దుల్లో ఒకచోట కలుస్తాయి. నాకు నిద్ర పట్టనివ్వనిది దోమ కాదు, ఇది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఫాగింగ్ బండి వస్తే ఊరికి ధైర్యం వస్తుంది, అంతే. ఆ పొగ అప్పుడు ఎగురుతున్న దోమల్ని కొంత చంపుతుంది. లార్వాలకు ఏమీ కాదు, వారం తిరక్కుండా కొత్త దోమలు రెక్కలు విప్పుతాయి. డ్రమ్ముకు మూత, గోడలకు స్ప్రే, మందు పూసిన దోమతెర ఇంతకంటే ఎంతో పనిచేస్తాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగలు నిద్రపోయే పసిపిల్లలకు కూడా తెర కట్టండి.

మలేరియా మందు పూర్తయ్యాక కూడా ర్యాపిడ్ కిట్‌లో (వెంటనే ఫలితం చెప్పే రక్తపరీక్ష) గీత వచ్చిందని ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లున్నారు. టెన్షన్ పడకండి. చాలా కిట్లు వెతికే ప్రొటీన్, పరాన్నజీవి చచ్చాక కూడా కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. రక్తపు చుక్కను స్లైడ్ మీద మైక్రోస్కోపులో చూపించుకుంటే తేలిపోతుంది. జ్వరం మళ్లీ వచ్చిందంటే మాత్రం ఆ రోజే వెళ్లండి.

ఇక చివరిది, నా మీదే ఉన్న పుకారు. మేం ట్రాపుల్లో దోమలు తెచ్చి ఊళ్లో వదులుతున్నామట. పోయిన నెల ఒక పిల్లాడు ఇదే అడిగితే, తెల్లారాక ట్రాపు సంచి విప్పి చూపించాను. రాత్రంతా కష్టపడితే దొరికినవి పద్నాలుగు, అందులో తొమ్మిది క్యూలెక్స్, మలేరియా, డెంగీ తేని రకం. వాడు లెక్కపెట్టి, "ఇంతేనా సార్?" అన్నాడు జాలిగా.