మెదడు తరంగాల పక్కనే గుండె గీత

1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మొదటిసారిగా మనిషి తల నుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. వాటిని లోకానికి చూపించడానికి మాత్రం 1929 దాకా ఆగాడు. ఆయన అనుమానాలు ఆయనకున్నాయి. తల మీది చర్మం దగ్గర అందే మెదడు సంకేతం బలం కొన్ని పదుల మైక్రోవోల్టులే. ఛాతీ దగ్గర గుండె సంకేతం దాదాపు ఒక మిల్లీవోల్టు, అంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తల దగ్గర కనిపిస్తున్నది గుండె సంకేతమే అయితే? అందుకే మెదడు గీత పక్కనే ఈసీజీ కూడా తీసి, రెండూ వేరని చూపించాడు.

గుండెను లెక్కలోంచి తీసేయడానికి బెర్గర్ దాన్ని నమోదు చేశాడు. మెదడునూ స్వయంచాలిత నాడీ వ్యవస్థనూ కలిపి చదివే ఇప్పటి పరిశోధకులకు ఆ గుండె గీతే కావాలి.

గుండె వేగం, చెమట, జీర్ణం, కంటిపాప సైజు ఇవన్నీ మనం చెప్పకుండానే నడిపించేది ఈ వ్యవస్థ. ఇందులో సింపథెటిక్ నాడులు ఒంటిని పరుగుకో పోట్లాటకో సిద్ధం చేస్తే, పారాసింపథెటిక్ నాడులు నెమ్మదింపజేస్తాయి. ఈ రెండో రకంలో ముఖ్యమైనది వేగస్ నాడి. గుండెలోని సహజ పేస్‌మేకర్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె వేగం 70 దగ్గర ఉంటోందంటే వేగస్ బ్రేకు వేసి ఉంచినందువల్లే. గాలి పీల్చినప్పుడు ఆ బ్రేకు కాస్త వదులవుతుంది, గాలి వదిలినప్పుడు బిగుస్తుంది. అందుకే ఆరోగ్యవంతుల్లో కూడా రెండు గుండె దెబ్బల మధ్య వ్యవధి ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఈ హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. వేగస్ ప్రభావం ఒకటి రెండు దెబ్బల్లోనే తెలుస్తుంది, సింపథెటిక్ ప్రభావానికి కొన్ని సెకన్లు పడుతుంది. హెచ్చుతగ్గుల్లో వేగంగా వచ్చేవీ మెల్లగా వచ్చేవీ వేరు చేసి చూడటం వెనక ఉన్న ఆలోచన ఇదే. అయితే మెల్లగా వచ్చేవన్నీ సింపథెటిక్ పనే అనుకుంటే పొరపాటు, వాటిలో వేగస్ వాటా కూడా ఉంది.

చేతికి పెట్టుకునే వాచీలు చూపించే ‘స్ట్రెస్ స్కోరు’ను నేను పెద్దగా నమ్మనిది ఇందుకే. మెట్లెక్కినా, భయపడ్డా, కాఫీ తాగినా గుండె వేగం పెరగవచ్చు. చర్మపు విద్యుత్ వాహకత (చెమటను బట్టి చర్మంలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందనేది) చూద్దామా అంటే, చెమట గ్రంథులను కదిలించేది సింపథెటిక్ నాడులే కాబట్టి అది కొంత సూటిగానే చెబుతుంది. కానీ టెన్షన్ వచ్చిందా, సంతోషం వచ్చిందా అంటే అదీ చెప్పలేదు. పక్కనే మెదడు సంకేతం ఉంటే చిక్కు కొంత విడుతుంది. నిద్రే తీసుకోండి. గాఢనిద్రలో ఈఈజీలో, అంటే మెదడు తరంగాల గీతలో, నెమ్మదిగా సాగే పెద్ద పెద్ద అలలు వస్తాయి, గుండె వేగం నిలకడగా ఉంటుంది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ దశలో ఈఈజీ మెలకువలో ఉన్నట్టే కనిపిస్తుంది, గుండె, ఊపిరి లయ తప్పుతుంటాయి. రెండు గీతలూ కలిపి చూస్తే దశ ఏదో మరింత స్పష్టమవుతుంది.

ఇందులో అసలు ఆసక్తికరమైన సంగతి, కబురు రెండు వైపులా నడవడం. వేగస్‌లోని పోగుల్లో సుమారు 80 శాతం ఒంటి నుంచి మెదడుకు వార్తలు మోసుకెళ్లేవే. ప్రతి గుండె దెబ్బ తర్వాత ఈఈజీలో ఒక చిన్న ప్రతిస్పందన వస్తుంది. ఒక్క దెబ్బకు అది కంటికి కనబడదు, వందల దెబ్బలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తేనే పైకి తేలుతుంది. తీరా తేలాక బెర్గర్ అనుమానమే మళ్లీ ఎదురవుతుంది: ఇది మెదడు స్పందనా, తలదాకా పాకిన గుండె విద్యుత్తా? ఈ రంగంలో చాలా శ్రమ ఆ రెంటినీ విడదీయడానికే పోతుంది.

వైద్యంలో దీని ఉపయోగం మూర్ఛ రోగుల విషయంలో తేలిగ్గా అర్థమవుతుంది. చాలామందికి మూర్ఛ వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది. ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛలో చర్మ వాహకత కూడా బాగా పెరుగుతుంది. చేతి కదలికతో పాటు ఈ వాహకతనూ గమనించి ఇంట్లోవాళ్లను హెచ్చరించే చేతిపట్టీకి అమెరికాలో 2018లో అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఒళ్లు కదలకుండా, కొన్ని క్షణాలు మనిషి అలా చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛలను పట్టడానికి మాత్రం అది పనికిరాదు. వాటికి ఇప్పటికీ తల మీద పెట్టే ఎలక్ట్రోడ్లే దిక్కు.