ఐరన్ షాట్: బంతిని లేపే పని మీది కాదు

బెంగళూరులో గోల్ఫ్ నేర్పుతుంటాను. శనివారం పొద్దున్నే ప్రాక్టీస్ రేంజ్‌కి వచ్చేవాళ్లలో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది. దాదాపు అందరూ గల్లీ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లే. అందుకే ఐరన్‌తో, అంటే లోహపు పలక లాంటి తల ఉన్న గోల్ఫ్ కర్రతో, కొట్టడం గురించి వాళ్ల అపోహలూ ఒకేలా ఉంటాయి.

అపోహ: బంతి లేవాలంటే కింది నుంచి ఎత్తి కొట్టాలి.

లాంగాన్ మీదుగా సిక్స్ లేపిన అలవాటు ఇది. బరువు వెనక కాలి మీదే ఉంచి, మణికట్టుతో బంతిని ఎగరేయబోతారు. క్లబ్ (గోల్ఫ్ కర్ర) బంతికి వెనకే నేలలో దిగబడితే అది ఫ్యాట్ షాట్. క్లబ్ పైకి లేస్తూ బంతి నడుముకి తగిలితే థిన్. రెండూ ఒకే తప్పుకి పుట్టిన కవలలు.

బంతిని లేపేది క్లబ్ ముఖానికి ఉన్న వాలు, అంటే లాఫ్ట్. ఐరన్లలో మధ్యస్థమైన సెవెన్ ఐరన్‌కి అది 30 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. మీరు చేయాల్సిందల్లా క్లబ్ కిందికి దిగుతూ ముందు బంతిని, ఆ తర్వాతే నేలను తాకేలా చూడటం. ప్రొఫెషనల్స్ సెవెన్ ఐరన్ సుమారు 4 డిగ్రీలు దిగుతూ తగులుతుంది. డివట్, అంటే పచ్చిక లేచిపోయిన గుంట, బంతి ఉన్న చోటు దాటాక మొదలవ్వాలి.

"కిందికి కొడితే పైకెలా పోతుంది సార్?" అని ఒకాయన వదలకుండా వాదించాడు. పచ్చిక మీద బంతి ఉండే చోట ముగ్గుపిండితో అడ్డంగా గీత గీసి, బంతి లేకుండా పది స్వింగులు చేయమన్నాను. తొమ్మిది గుంటలు గీతకి వెనకే పడ్డాయి. ఇక వాదించలేదు. కుడిచేతి ఆటగాడైతే క్లబ్ దిగేసరికి బరువు ఎడమ కాలి మీదకి వచ్చేసి ఉండాలి. అది కుదిరితే గుంటలు వాటంతటవే గీత దాటతాయి. (గ్రౌండ్ వాళ్లని అడిగి గీయండి, లేదంటే తిట్లు తప్పవు.)

అపోహ: మ్యాట్ మీద బాగా తగులుతోంది, కోర్సులోనూ తగులుతుంది.

రేంజ్‌లో పరిచే ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ అబద్ధం చెబుతుంది. రెండంగుళాలు వెనక కొట్టినా క్లబ్ జారుకుంటూ వెళ్లి బంతిని తాకేస్తుంది, చప్పుడు కూడా బాగానే ఉంటుంది. అదే దెబ్బ వానకి నానిన నేల మీద కొడితే క్లబ్ అక్కడే ఆగిపోతుంది. బంతికి వెనక, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ దూరంలో, టవల్ మడిచి పెట్టండి. అది కదలకుండా కొట్టగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

అపోహ: తల పైకెత్తకూడదు.

బలవంతంగా దించి ఉంచితే ఒళ్లు తిరగదు, బరువు వెనకే ఉండిపోతుంది. పది మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు) గెలిచిన ఆనికా సోరెన్‌స్టామ్ తల బంతి తగిలే సమయానికే టార్గెట్ వైపు తిరిగిపోయేది.

అపోహ: చెన్నైలో తేమకి గాలి బరువెక్కి బంతి ఆగిపోతుంది.

నిజానికి తేమ గాలి పొడి గాలి కన్నా కొంచెం తేలిక. తేడా ఎత్తులో ఉంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి గాలి పలచన. ఇక్కడ 150 గజాలు పోయే షాట్ సముద్రమట్టంలో ఓ ఐదు గజాలు తగ్గడం మామూలే. చెన్నైలో ఆడేటప్పుడు ఆ మేరకు పెద్ద క్లబ్ తీయండి.

అపోహ: ఫోర్ ఐరన్ కొట్టలేనివాడు గోల్ఫరే కాదు.

ఫోర్ ఐరన్‌కి వాలు తక్కువ, కొట్టడం కష్టం. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. డ్రైవ్ దూరం తక్కువ కాబట్టి, గ్రీన్ (హోల్ ఉండే నున్నటి పచ్చిక) మీదకి కొట్టాల్సిన షాట్లకి హైబ్రిడ్లు, అంటే పొడవాటి ఐరన్ల బదులు వాడే, బంతిని తేలిగ్గా లేపే క్లబ్బులు, బాగా వాడింది. ఆవిడకి లేని నామోషీ మనకెందుకు?

ముగ్గుపిండి గీత ఆయనకి ఇప్పుడు పదింట్లో ఆరు గుంటలు గీత దాటుతున్నాయి. ఫోర్ ఐరన్ మాత్రం ఇంకా బ్యాగులోనే ఉంది. తీసేయమని ప్రతి శనివారం చెబుతూనే ఉన్నాను.