అవెయిట్ పెట్టాను కదా అక్కా, మరి ఎందుకు ఆగట్లేదు? జావాస్క్రిప్ట్ అపోహలు, వాస్తవాలు

మొన్న రాత్రి పదిన్నరకి మెసేజ్. "అక్కా, అవెయిట్ పెట్టాను, అయినా ఆగట్లేదు." కింద స్క్రీన్‌షాట్. తెరవకుండానే చెప్పగలను అందులో ఏముందో. తెరిచి చూశా, అదే, ఫర్ ఈచ్, లిస్టులో ఒక్కోదాని మీదా మనం ఇచ్చిన ఫంక్షన్‌ని నడిపేది. టీమ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏటా అయిదారుగురు ఇదే ప్రశ్న దాదాపు ఇవే మాటల్లో అడుగుతారు, నేనూ అదే జవాబు మళ్లీ మళ్లీ టైప్ చేస్తుంటాను, అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని ఒక చోట రాసేస్తున్నా.

అపోహ: అసింక్ అని రాస్తే ఆ ఫంక్షన్ వేరే త్రెడ్‌లో, అంటే పక్కన ఇంకో దారిలో, నడుస్తుంది. అవెయిట్ అని రాస్తే ప్రోగ్రాం మొత్తం అక్కడ ఆగుతుంది.

రెండూ తప్పే. పైగా నేను చూసిన అపోహలన్నింటిలో జనం దగ్గర ఎక్కువ డబ్బు, ఎక్కువ నిద్ర లాక్కునేది ఇదే.

ఏదైనా టిఫిన్ సెంటర్ గుర్తు తెచ్చుకోండి. కౌంటర్ దగ్గర ఒక్కడే మనిషి. డబ్బులు తీసుకుని టోకెన్ చేతిలో పెడతాడు, లోపల పెనం మీద దోశ పడుతుంది, ఈలోగా మీ వెనకవాడి డబ్బులు తీసుకుంటాడు. మీ పేజీలో మీరు రాసిన జావాస్క్రిప్ట్ ఆ కౌంటర్ మనిషి. నెట్‌వర్క్, టైమర్, ఫైల్ చదవడం, ఇవన్నీ లోపలి వంటగది, అది బ్రౌజర్‌దో, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్‌దో. ప్రామిస్ అంటే టోకెన్. అవెయిట్ అంటే "నా నంబర్ పిలిచేదాకా నేను పక్కన కూర్చుంటా" అని ఒక ఫంక్షన్ అనడం. ఆ ఒక్క ఫంక్షనే కూర్చుంటుంది, క్యూ కదులుతూనే ఉంటుంది. ఇక అసింక్ అంటే "నన్ను పిలిస్తే దోశ ఇవ్వను, టోకెనే ఇస్తాను" అని బోర్డు పెట్టుకోవడం. కన్సోల్‌లో "ప్రామిస్, పెండింగ్" అని కనబడగానే కంగారుపడి నాకు ఫోన్ చేస్తారే, అది ఎర్రర్ కాదు. టోకెన్‌ని కొరికి చూస్తున్నారు, అంతే.

మరి ఆ కౌంటర్ మనిషినే పిండి రుబ్బమంటే? లక్షల వరుసలున్న లిస్టు మీద మీరే అయిదు సెకన్ల లెక్క వేయిస్తే, ఆ ఫంక్షన్ ముందు అసింక్ అని ఎన్నిసార్లు రాసినా పేజీ బిగుసుకుపోతుంది, బటన్ నొక్కినా పలకదు. నిజంగా ఇంకో మనిషి కావాలంటే వెబ్ వర్కర్ పెట్టుకోవాలి.

ఇప్పుడు ఫర్ ఈచ్ సంగతి. దానికి మీరు ఇచ్చిన అసింక్ ఫంక్షన్ ప్రతిసారీ ఒక టోకెన్ ఇస్తుంది, అది ఆ టోకెన్‌ని చూడనైనా చూడకుండా పారేసి తర్వాతిదానికి పోతుంది. లోపల అవెయిట్ ఉంది కదా అంటే, ఉంది, లోపలి ఫంక్షన్ బుద్ధిగా కూర్చునే ఉంది, బయట ఫర్ ఈచ్ మాత్రం ఎప్పుడో వెళ్లిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి జరగాలంటే ఫర్ ఆఫ్ లూప్ రాసి అందులో అవెయిట్ పెట్టండి. అన్నీ ఒకేసారి మొదలై అన్నీ పూర్తయ్యేదాకా ఆగాలంటే మ్యాప్‌తో టోకెన్లన్నీ ఒక అర్రేలో పోగేసి ప్రామిస్ డాట్ ఆల్ చేతికివ్వండి. తేడా చిన్నది కాదు. ఒక్కో కాల్ అర సెకను పడితే 60 కాల్స్ వరుసగా చేస్తే అర నిమిషం, ఒకేసారి చేస్తే అవతలి సర్వర్ తట్టుకుంటే సెకను లోపే అయిపోవచ్చు. తట్టుకుంటేనే సుమా, 60ని 6,000 చేసి ఒకేసారి వదిలితే అవతలివాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేస్తారు, పదేసి చొప్పున పంపుకోండి. ఇంకోటి, ఆల్‌లో ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టే మీకు కబురొస్తుంది. కానీ మిగతా పనులు రద్దవవు, వాటి మానాన అవి జరుగుతూనే ఉంటాయి. ఏది అయింది ఏది కాలేదు అని విడివిడిగా తెలియాలంటే 2020లో వచ్చిన ఆల్ సెటిల్డ్ వాడండి.

నేనేమీ పుట్టుకతో నేర్చుకు రాలేదు. నా మొదటి ఉద్యోగంలో ఒక విద్యాసంస్థకి ఫీజు రిమైండర్ మెయిల్స్ పంపే స్క్రిప్టు రాయమన్నారు. 212 మంది తల్లిదండ్రుల లిస్టు, ఫర్ ఈచ్, లోపల అసింక్, లోపల అవెయిట్, కింద "అన్నీ వెళ్లాయి" అని ఒక ప్రింటు, దాని కింద ప్రాసెస్ ఎగ్జిట్, అంటే స్క్రిప్టుని అక్కడికక్కడే ఆపేసే ఆదేశం. చాలా నీటుగా ఉందని నాకు నేనే మెచ్చుకున్నాను. శుక్రవారం సాయంత్రం రన్ చేశా, "అన్నీ వెళ్లాయి" అని వచ్చింది, ఇంటికెళ్లిపోయా. సోమవారం తెలిసింది, ఒక్కరికి కూడా వెళ్లలేదు. 212 టోకెన్లు పారేసి, వెళ్లాయని అబద్ధం చెప్పి, దుకాణం కట్టేసింది నా స్క్రిప్టు. గడువు ఆదివారంతో అయిపోయింది, లేట్ ఫీజు పడినవాళ్లు వచ్చి గొడవ చేశారు. మా లీడ్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా అనిపించింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఏ లైను ఎప్పుడు నడుస్తుందో కాగితం మీద రాసి చూపించు" అన్నాడు. రాయలేకపోయాను. అప్పటికి నేను రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మూడు ప్రాజెక్టులు చేసిన మనిషిని.

ఇంతకన్నా ప్రమాదమైన రూపం ఒకటుంది. ఈయన అడ్మినా కాదా అని డేటాబేస్‌ని అడిగే అసింక్ ఫంక్షన్. దాన్ని ఇఫ్‌లో పెట్టి పిలుస్తారు, అవెయిట్ మర్చిపోతారు. ఇఫ్ చేతికి వచ్చేది అవును కాదు అన్న జవాబు కాదు, టోకెన్. టోకెన్ ఒక ఆబ్జెక్టు, ఇఫ్‌కి ఏ ఆబ్జెక్టయినా నిజం కిందే లెక్క. అంటే లాగిన్ అయిన ప్రతివాడూ అడ్మినే! ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, టెస్ట్ చేసేటప్పుడు మీరు అడ్మిన్ అకౌంట్‌తోనే చూస్తారు కాబట్టి అంతా బాగానే కనిపిస్తుంది. ఫిల్టర్‌కి అసింక్ ఫంక్షన్ ఇచ్చినా ఇదే కథ, ఏదీ వడకట్టదు. కోడ్ రివ్యూలో ఇది నాకు ఇప్పటికి నాలుగుసార్లు తగిలింది, నలుగురూ తెలివైనవాళ్లే. మనిషి కన్ను దీన్ని ప్రతిసారీ పట్టుకోలేదు, టైప్‌స్క్రిప్ట్ (టైపులు జోడించిన జావాస్క్రిప్ట్) కోడ్‌లో తప్పులు వెతికిపెట్టే టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లో నో ఫ్లోటింగ్ ప్రామిసెస్, నో మిస్‌యూజ్డ్ ప్రామిసెస్ అని రెండు రూల్స్ ఉన్నాయి, ఈ రోజే ఆన్ చేయండి.

సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ గురించి కూడా చెప్పేస్తా. సర్వర్ 404 (అడిగింది లేదు) ఇచ్చినా 500 (సర్వర్‌లోనే తప్పు) ఇచ్చినా ఫెచ్ దృష్టిలో పని జరిగినట్టే, కబురు వచ్చింది కదా అంటుంది. నెట్ లేకపోవడంలాంటిదైతేనే ఎర్రర్లు పట్టే క్యాచ్‌లోకి వస్తుంది. రెస్పాన్స్ డాట్ ఓకే చూడకుండా ముందుకు పోయేవాళ్లు "ట్రై క్యాచ్ పెట్టాను కదా" అంటారు, నాకు తల పట్టుకోవాలనిపిస్తుంది.

దీన్ని ఒంటబట్టించుకోవడానికి మా లీడ్ చెప్పినదాని కంటే మంచి దారి నాకు ఇంకా దొరకలేదు. నాలుగు ప్రింట్లు తీసుకోండి. ఒకటి మామూలుగా, రెండోది సున్నా సెకన్ల సెట్ టైమౌట్‌లో, మూడోది ఇప్పటికే పూర్తయిన ప్రామిస్ తాలూకు దెన్‌లో, నాలుగోది మళ్లీ మామూలుగా. ఏ వరుసలో వస్తాయో ముందు కాగితం మీద రాసి, తర్వాత రన్ చేయండి. 1, 4, 3, 2. ఎందుకో చెప్పగలిగితే మీకు ఈవెంట్ లూప్, అంటే ఏ పని ఎప్పుడు నడవాలో చూసుకునే ఆ క్యూ, సగం వచ్చినట్టే. చెప్పలేకపోతే టెన్షన్ పడకండి, ఇంకో పది ఇలాంటివి మీరే తయారు చేసుకుని వారం రోజులు రోజుకి పావుగంట ఆడండి. ఇరవై గంటల వీడియో ఒకటిన్నర స్పీడులో చూడటం కంటే ఇదే నయం. అలాగే బ్రౌజర్ డెవ్ టూల్స్‌లో నెట్‌వర్క్‌ని కావాలని నెమ్మది చేసి మీ పేజీ వాడి చూడండి. ఆఫీసు వైఫైలో దాక్కున్న బగ్గులన్నీ బయటికొస్తాయి.

అపోహ: రియాక్ట్ వస్తే చాలు, జావాస్క్రిప్ట్ విడిగా అక్కర్లేదు.

కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటలో ఒక రౌండు వేస్తే గోడలన్నీ ఇదే చెబుతాయి. పేజీ గీసిన తర్వాత పనులు చేయించే యూజ్ ఎఫెక్ట్‌కి నేరుగా అసింక్ ఫంక్షన్ ఇవ్వొద్దని రియాక్ట్ ఎందుకు మొత్తుకుంటుంది? అది మీ దగ్గర నుంచి సర్దుడు (క్లీనప్) ఫంక్షన్ ఆశిస్తుంది, మీరేమో టోకెన్ చేతిలో పెడతారు. పైన చెప్పింది తెలిస్తే ఇది ఒక్క క్షణం, తెలియకపోతే "రూల్ కాబట్టి" అని బట్టీ పట్టాలి. అలా ఎన్ని బట్టీ పడతారు?

మిగతావి గబగబా.

"10 రోజుల్లో తయారైన భాష, 10 రోజుల్లో వచ్చేస్తుంది." బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో నెట్‌స్కేప్‌లో మొదటి రూపాన్ని 10 రోజుల్లో రాసిన మాట నిజమే. ఆయనకి 10 రోజులు పట్టింది, మనకి కాదు.

"కాన్‌స్ట్ అంటే మారదు." పేరు ఇంకోదానికి అంటుకోదు, అంతే. లోపలి సరుకు హాయిగా మారుతుంది.

"సార్ట్ అంటే అంకెల వరుస." 9, 80, 100 మార్కుల్ని ఏమీ చెప్పకుండా సార్ట్ చేయమంటే 100, 80, 9 అని ఇస్తుంది, ఎందుకంటే మాటలుగా మార్చి పోలుస్తుంది. పోల్చే ఫంక్షన్ ఇవ్వండి. అసలు లిస్టు చెదరకూడదంటే 2023లో వచ్చిన టు సార్టెడ్ ఉంది.

"టైప్‌స్క్రిప్ట్ ఉంటే సర్వర్ నుంచి తప్పు డేటా రాదు." టైపులన్నీ కంపైల్ అవగానే చెరిగిపోతాయి. నడిచేది జావాస్క్రిప్టే.

"లక్షల్లో కామాలు పెట్టడానికి లైబ్రరీ కావాలి." అక్కర్లేదు. టు లొకేల్ స్ట్రింగ్‌కి ఇండియా లొకేల్ ఇస్తే 12,34,567 అని అదే రాస్తుంది.

"తేదీ అంటే తేదీయే కదా." ఇది కొంచెం ఆగి చెప్పాలి. 2001-08-15 అని మాత్రమే ఇచ్చి డేట్ తయారు చేస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి అనుకుంటుంది. హైదరాబాద్‌లో అది అదే రోజు ఉదయం అయిదున్నర, మనకి ఏ తేడా కనబడదు. యూటీసీ కంటే వెనక నడిచే డాలస్‌లో అది ఇంకా ముందురోజే, అక్కడున్న మా వదిన నేను చేసిన కుటుంబ క్యాలెండర్ తెరిచి, "ఏమ్మా, మావాడి పుట్టినరోజు 14వ తేదీకి ఎప్పుడు మార్చావు?" అని అడిగేదాకా నాకూ తెలియలేదు.

ఇక అందరూ భయంభయంగా అడిగేది. "అక్కా, ఏఐ రాసేస్తోంది కదా, ఇంకా నేర్చుకోవడం దండగేమో?" మొన్న అడిగినమ్మాయి మెకానికల్ చదివింది, తెలుగు మీడియం, ఇంట్లో అప్పు చేసి కోర్సు ఫీజు కట్టారు. ఆమె భయాన్ని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. కానీ చూడండి, ఆ రాత్రి ఆమె పంపిన స్క్రీన్‌షాట్‌లోని ఫర్ ఈచ్ కూడా ఏఐ రాసి ఇచ్చిందే. అడిగింది రాసిచ్చింది, ఆమెకి చూడగానే తేడా తెలియలేదు, అంతే జరిగింది. వాడండి, నేనూ వాడతాను. రాసిచ్చిన ప్రతి అవెయిట్ దగ్గర "ఇక్కడ ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు వెళ్లిపోతున్నారు" అని అడిగి చూసుకోండి.

చివరిగా మనవాళ్లకే తగిలేది ఒకటి. లెంగ్త్ అంటే అక్షరాల సంఖ్య కాదు. "తెలుగు" అన్న మాటకి లెంగ్త్ అడిగితే 6 అంటుంది, గుణింతం గుర్తుల్ని కూడా విడిగా లెక్కపెట్టి. మనం చదివినట్టు 3 రావాలంటే జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న Intl.Segmenter వాడాలి. ఇది తెలియక ఒక ఫారంలో పేరుకి 20 అని హద్దు పెట్టేశారు. ఇంగ్లీషు పేర్లన్నీ పట్టాయి, మా అమ్మమ్మ పూర్తి పేరు తెలుగులో కొడితే సగంలో ఆగిపోయింది. బగ్ అని టికెట్ వేశాను. "యూజర్ పేరు కుదించుకోవచ్చు" అని రాసి మూసేశారు. మళ్లీ తెరిచాను.