ఫోన్ మన మాటలు వింటోందా? యాడ్స్ పెట్టే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసిన అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకుని షాపుల వాళ్లకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ యాడ్స్ పెట్టడం నా పని. చీరల షాపులు, కోచింగ్ సెంటర్లు, పళ్ల డాక్టర్లు, బోరు మోటార్ల షాపులు, అందరూ వస్తారు. నా పని ఏంటో తెలిసినవాళ్లు పెళ్లిలో కనపడినా బస్సులో కనపడినా అడిగేది ఒకటే: "ఫోన్ మన మాటలు వింటుందంట కదా, నిజమేనా?" నిలబడి రెండు ముక్కల్లో చెప్తే ఎవరికీ నమ్మకం కుదరడం లేదు. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నా.

అపోహ: మనం మాట్లాడుకున్నది విని ఫోన్ దానికి తగ్గ యాడ్ చూపిస్తుంది

మా చిన్నాయనది శింగనమల దగ్గర పల్లె. మొన్న మార్చిలో ఆఫీసుకొచ్చి ఫోన్ నా టేబుల్ మీద పెట్టి, "అబ్బీ, దీన్లో ఎవుడో కూచోని వింటాండాడు" అన్నాడు. ఆయన బోరు మోటార్ కాలిపోయింది. చేను గట్టు మీద నిలబడి మా పిన్నమ్మతో "కొత్తది కొనాల్నేమో" అన్నాడట. ఆ రాత్రి ఫేస్‌బుక్ తెరిస్తే సబ్‌మెర్సిబుల్ మోటార్ యాడ్. "నేను యాడా వెతకలేదు, ఎవురికీ చెప్పలేదు. మీ పిన్నమ్మతో ఒక్క మాట అంటి, అంతే." మనిషి నిజంగానే భయపడ్డాడు. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఫోన్‌ను బియ్యం డబ్బా వెనక పెడుతున్నారట.

ఫోన్ తీసుకుని ఆ యాడ్ చూశాక నాకు కాసేపు మాట రాలేదు. అది పెట్టింది నేనే. తాడిపత్రి రోడ్డులో ఒక మోటార్ల షాపు కోసం.

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి చూపించాను. వయసు 28 నుంచి 60. అనంతపురం చుట్టూ 40 కిలోమీటర్లు. వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు. నేను ఎంచుకున్నది ఇంతే. "మోటార్ కాలిపోయిందని మాట్లాడుకున్నవాళ్లు" అని ఎంచుకునే ఆప్షన్ అక్కడ లేదు, ఎంత డబ్బు కడతామన్నా రాదు. మార్చిలోనే ఎందుకు పెట్టానంటే మన దగ్గర బోర్లలో నీళ్లు కిందికి దిగేదీ, మోటార్లు నీళ్లు అందక వట్టిగా తిరిగి వైండింగ్ కాలిపోయేదీ అప్పుడే కాబట్టి. ఆ వారం ఆ 40 కిలోమీటర్లలో ఎన్ని గట్ల మీద ఎంతమంది రైతులు ఇదే మాట అనుకుని ఉంటారో ఆలోచించండి. రిపోర్టు తెరిస్తే ఆ యాడ్ ఒక్కొక్కరికి సగటున మూడుసార్లు కనపడిందని ఉంది. మోటార్ బాగా తిరుగుతున్న రోజుల్లో అది కళ్లబడినా చిన్నాయన బొటనవేలితో పైకి తోసేసి ఉంటాడు, గుర్తుండే అవకాశమే లేదు. కాలిపోయిన రోజు మాత్రం కంట్లో గుచ్చుకుంది. దానికి తోడు వాళ్లబ్బాయి అదే ఫోన్‌లో రెండు మూడు వెబ్‌సైట్లలో మోటార్ల రేట్లు చూశాడని తర్వాత తెలిసింది.

వాస్తవం: 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చెప్పకుండా మైకు ఆన్ చేసి మాటలు పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. దొరికింది వేరే: కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద మనం చేసేదాన్ని ఫొటోలు, వీడియోలుగా తీసి బయటి కంపెనీలకు పంపుతున్నాయి. ఆ సంగతి పేపర్లో ఎంతమంది చదివారో గానీ నాకు మైకు కంటే అదే ఎక్కువ భయం వేసింది.

లెక్క కూడా వేసి చూడండి. మాటను మామూలుగా కుదించి పంపినా సెకనుకు సుమారు 2 కిలోబైట్లు, అంటే గంటకు 7 ఎంబీ పైన. రోజుకు 12 గంటలు వింటే 86 ఎంబీ. రోజూ అంత డేటా పోతుంటే సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ దగ్గర ఆ యాప్ పేరుతో సహా కనపడుతుంది. డేటా పంపకుండా ఫోన్‌లోనే మాటల్ని అక్షరాలుగా మార్చుకుంటుందిలే అంటారా, రోజంతా ఆ పని చేస్తే బ్యాటరీ మామూలు కంటే త్వరగా పడిపోతుంది. పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైకు తీసుకున్నా స్క్రీన్ పై మూలలో పచ్చ గుర్తు వస్తుంది, ఐఫోన్‌లో 2020 నుంచి నారింజ చుక్క వస్తుంది.

అపోహ: మనం నోరు తెరవకపోతే ఎవరికీ తెలియదు

నా బాధంతా ఇక్కడే. మాటలు వినాల్సిన అవసరమే లేనంత సమాచారం మనం వేరే దారుల్లో ఇచ్చేస్తున్నాం, ఆ దారుల్లో కొన్నింటిని నేనే రోజూ వాడుతున్నాను కాబట్టి దాచకుండా చెప్తున్నా.

చీరల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండమ్మా" అంటారు. బిల్లు వాట్సాప్‌లో వస్తుందనో, డిస్కౌంట్ అనో మనం చెప్పేస్తాం. దీపావళికి ముందు ఆ షాపు ఓనర్ రెండు వేల నంబర్ల ఎక్సెల్ షీట్ నాకు పంపిస్తాడు. దాన్ని ఫేస్‌బుక్‌లో ఎక్కిస్తే నంబర్లు కోడ్‌గా మారి వెళ్తాయి, అకౌంట్లతో సరిపోలుతాయి, ఆ మనుషులకే యాడ్ వేయొచ్చు. అక్కడితో ఆగదు. "వీళ్లలాంటి వాళ్లను ఇంకా వెతికిపెట్టు" అనే ఆప్షన్ కూడా ఉంది, దాన్ని లుక్‌అలైక్ అంటాం. మీరు ఆ షాపు గడప తొక్కకపోయినా, తొక్కినవాళ్లను పోలి ఉన్నారని మీకు యాడ్ వస్తుంది. ధర్మవరం పట్టు గురించి అక్కతో మాట్లాడిన సాయంత్రమే ధర్మవరం పట్టు యాడ్ వచ్చిందంటే, ఇంట్లో పెళ్లి ఉందని అక్క ఎన్ని చోట్ల వెతికిందో, మీరిద్దరూ ఒకే వైఫైలో ఎన్ని రోజులు ఉన్నారో కూడా చూడాలి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల కంపెనీ పేరు మెటా. వెబ్‌సైట్లలో మెటా పిక్సెల్ అని చిన్న కోడ్ ముక్క ఉంటుంది. నా క్లయింట్ల సైట్లన్నింటిలో నేను పెట్టిందే. మీరు ఏ వస్తువు చూశారో, బుట్టలో వేసి కొనకుండా వెళ్లిపోయారో అది మెటాకు చేరవేస్తుంది. ఇక లొకేషన్ సంగతి సరేసరి, కమలానగర్‌లో ఆసుపత్రికి వెళ్లొచ్చారా, బెంగళూరు బస్సెక్కారా, ఫోన్ ఉన్నచోటల్లా ఒక చుక్క పడుతూనే ఉంటుంది.

అపోహ: అయితే కంపెనీలు మైకును ఎప్పుడూ ముట్టుకోలేదు

ఇది కూడా తప్పే. జనం అనుమానం గాల్లోంచి పుట్టలేదు.

అల్ఫాన్సో అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న గేమ్ యాప్‌లు మైకు ద్వారా ఇంట్లో టీవీ శబ్దాన్ని పట్టుకుని, ఏ ప్రోగ్రాం, ఏ యాడ్ నడుస్తోందో గుర్తిస్తున్నాయని 2017 చివర్లో బయటపడింది. అలాంటి గేమ్‌లు అప్పట్లో గూగుల్ ప్లేలో 250కి పైగా ఉండేవి. పర్మిషన్ అడిగాయి, వాడినవాళ్లు నొక్కారు. స్పెయిన్‌లో లా లీగా ఫుట్‌బాల్ యాప్ ఇంకో అడుగు ముందుకేసి, డబ్బు కట్టకుండా మ్యాచ్ చూపిస్తున్న బార్లను పట్టుకోవడానికి అభిమానుల ఫోన్ మైకులనే వాడింది. 2019లో రెండున్నర లక్షల యూరోల జరిమానా పడింది. ఐఫోన్‌లో మాటతో పనిచేసే సిరి పొరపాటున ఆన్ అయి రికార్డు చేసిన మాటలను కాంట్రాక్టు ఉద్యోగులు విన్నారని అదే ఏడాది వార్త వచ్చింది, సిరి మీద పడిన కేసు తేల్చుకోవడానికి ఆపిల్ 2025 జనవరిలో 9.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అమెరికాలో కాక్స్ మీడియా గ్రూప్ అనే మీడియా కంపెనీ అయితే "యాక్టివ్ లిజనింగ్" పేరుతో మాటలు విని యాడ్స్ వేస్తామని వ్యాపారులకు అమ్మజూపింది, ఆ ప్రచారపు స్లైడ్లు 2024లో బయటికొచ్చాక గూగుల్ తన పార్ట్‌నర్ల జాబితా నుంచి ఆ కంపెనీని తీసేసింది. అది ఫోన్ల మైకులతో నిజంగా పనిచేసిందన్న రుజువు మాత్రం రాలేదు.

అందుకే నేను "మైకు ఊసే లేదు పొండి" అని ఎవరినీ తోసిపుచ్చను. రోజంతా మన మాటలు విని యాడ్ వేసే ఏర్పాటు లేదు అంటాను. రెండూ వేరు.

అపోహ: వాట్సాప్ మెసేజీలు చదివి యాడ్స్ వేస్తారు

2016 నుంచి మనుషుల మధ్య మెసేజీలు, కాల్స్ తాళం వేసినట్టే వెళ్తాయి, మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. అయితే యాడ్ నొక్కి షాపుకు వాట్సాప్ చేస్తే, ఫలానా యాడ్ నుంచి మీరొచ్చారని నాకు తెలుస్తుంది. ఇంకొకటి, చాలామంది గమనించనిది: మెటా ఏఐతో, అంటే అడిగినదానికి జవాబిచ్చే వాళ్ల చాట్‌బాట్‌తో, చేసే సంభాషణలను యాడ్స్‌కు వాడుకుంటామని మెటానే ప్రకటించింది, 2025 డిసెంబర్ 16 నుంచి అమల్లోకి వచ్చింది. దాని గుర్తైన నీలం గుండ్రాన్ని నొక్కి "మోకాళ్ల నొప్పికి ఏం చేయాలి" అని అడిగితే అది పక్కింటావిడతో చెప్పుకున్నట్టు కాదు.

అపోహ: మైక్ పర్మిషన్ తీసేస్తే యాడ్స్ వెంటపడవు

పడతాయి. తీసేయడం మంచిదే, కానీ యాడ్స్ వచ్చే దారి అది కాదు.

ఆ రోజు చిన్నాయన ఫోన్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచాం. టార్చ్‌లైట్ యాప్‌కు లొకేషన్ ఎందుకు? పంచాంగం యాప్‌కు కాంటాక్ట్స్ ఎందుకు? ఒక అప్పుల యాప్ కూడా ఉంది, ఎవరో లింక్ పంపితే ఎక్కించుకున్నాడట, దానికి కాంటాక్ట్స్, ఫొటోలు రెండూ ఇచ్చేశాడు. నా గుండె అక్కడ జారింది. కాంటాక్ట్స్‌లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఫొటోలు మార్చి పంపి పరువు తీసేది ఇలాంటి యాప్‌లే. అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ వివరాలు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే రూల్ పెట్టింది, ప్లేస్టోర్‌లోనూ 2023 నుంచి నిషేధం. లింక్ ద్వారా వచ్చే యాప్ ఆ రూల్స్‌ను లెక్కచేయదు. మైకుకు భయపడి ఫోన్‌ను బియ్యం డబ్బా వెనక దాచిన మనిషి, మూడు వందల మంది నంబర్లను ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టాడు.

వరసగా చేసినవి ఇవీ. అప్పుల యాప్ తీసేశాం. మిగతావాటికి లొకేషన్ "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చాం. ప్రైవసీలో యాడ్స్ దగ్గరికెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే యాడ్స్ కోసం ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్, డిలీట్ కొట్టాం. ఫేస్‌బుక్ అకౌంట్స్ సెంటర్‌లో, మెటా బయట మనం చేసినవాటి జాబితా ఉంటుంది, దాన్ని క్లియర్ చేసి ఇకమీద వాటిని అకౌంట్‌తో కలపొద్దని పెట్టాం. గూగుల్‌లో మై యాడ్ సెంటర్ తెరిచి పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపేశాం. మొత్తం పావుగంట పట్టింది. ఈ పేర్లు ఫోన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ మారతాయి, సెట్టింగ్స్ పైన వెతికే చోట "పర్మిషన్" అని, "యాడ్స్" అని కొడితే వచ్చేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు మీరే తీసుకుని చేసిపెట్టండి, అప్పుల యాప్ ఉందేమో ముందు చూడండి.