బిహైండ్ ఇచ్చాక బంతి ఆగదు: ఫుటీ స్కోర్ రివ్యూ గొడవకు మూలం ఎక్కడ?

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ)లో గోల్ అంపైర్ల మీద దుమారం మళ్లీ రేగింది. అడిగేది పాత ప్రశ్నే. పోస్టుకు దగ్గరగా వెళ్లిన ప్రతి బంతినీ వీడియోలో చూశాకే ఆట ముందుకు సాగనివ్వాలా, లేక గోల్ అంపైర్ కంటి మీదే వదిలెయ్యాలా? ఈ వాదన ఎక్కడ మొదలైనా చివరికి 2023 ఆగస్టు 19 దగ్గరికే, అడిలైడ్ ఓవల్‌లో అడిలైడ్ ఆటగాడు బెన్ కీస్ కొట్టిన బంతి దగ్గరికే వస్తుంది. ఆ సాయంత్రం జరిగింది తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే దానికి దారి వేసింది మాత్రం 2006లో వచ్చిన ఒక రూల్ మార్పు. అంపైరింగ్‌ను ఉద్దేశించి తెచ్చిన మార్పు కాదది. అందుకే ఈ చర్చలో దాని పేరు పెద్దగా వినపడదు.

మెల్‌బోర్న్, అడిలైడ్‌లలో ఉంటున్న తెలుగువాళ్లకు ఆట వివరంగా చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఈ గొడవకు అవసరమైనంత వరకు చెప్పుకుందాం. ఒక్కో చివర నాలుగు స్తంభాలు ఉంటాయి. నడుమ ఉన్న రెండు గోల్ పోస్టుల మధ్య దూరం 6.4 మీటర్లు. వాటికి అటూ ఇటూ మరో 6.4 మీటర్ల దూరంలో పొట్టి బిహైండ్ పోస్టులు. కాలితో కొట్టిన బంతి ఎవరి చెయ్యీ తగలకుండా, పోస్టుకు రాసుకోకుండా గోల్ పోస్టుల మధ్య నుంచి గీత పూర్తిగా దాటితే గోల్, 6 పాయింట్లు. గోల్ పోస్టుకు తగిలినా, దారిలో ఎవరి వేలైనా తాకినా, గోల్ పోస్టుకీ బిహైండ్ పోస్టుకీ మధ్య నుంచి వెళ్లినా బిహైండ్, 1 పాయింటు. అంటే వేలి కొస తాకిందా లేదా అన్నదాని మీద 5 పాయింట్లు ఆధారపడి ఉంటాయి.

అది తేల్చాల్సింది గోల్ అంపైర్. ఆయన పని ఎంత కష్టమో టీవీలో తెలియదు. బంతి గీత దాటాక చెయ్యి తగిలిందా, ముందే తగిలిందా అన్నది చూడాలంటే గీత వెంబడి చూపు సారించేలా పోస్టు పక్కన నిలబడాలి. బంతి పోస్టుకు రాసుకుందా అన్నది చూడాలంటే పోస్టు వెనక్కి వచ్చి బంతి వచ్చే దారికి ఎదురుగా నిలబడాలి. ఒకే మనిషి ఒకే క్షణంలో రెండు చోట్లా ఉండలేడు. బంతి గాల్లో ఉండగానే ఏ ప్రశ్న ఎదురవుతుందో ఊహించి అడుగు వెయ్యాలి. ఊహ తప్పితే సరైన కోణం దొరకదు. ఇక చెవిని నమ్ముకుందామా అంటే, పోస్టుల అడుగు భాగానికి ఆటగాళ్లకు దెబ్బ తగలకుండా మెత్తలు చుట్టి ఉంటాయి. అక్కడ తగిలితే చప్పుడు అణిగిపోతుంది. పైన తగిలితే వచ్చే చప్పుడు జనం హోరులో కలిసిపోతుంది. బౌండరీ అంపైర్ దగ్గర్లో ఉంటే సాయం చేస్తాడు. పరుగుల మీద సాగుతున్న ఆటలో చాలాసార్లు ఆయన దూరంగానే ఉంటాడు.

ఇక 2006 సంగతి. అంతకు ముందు బిహైండ్ పడితే గోల్ అంపైర్ జెండా ఊపడం పూర్తయ్యేదాకా డిఫెండర్ ఆగాలి. ఆ తర్వాతే గోల్ ముందున్న గీతల చట్రం (గోల్ స్క్వేర్) నుంచి కిక్-ఇన్, అంటే బంతిని తిరిగి ఆటలోకి కొట్టడం. ఆ కొద్ది సెకన్లలో దాడి చేసే జట్టు తన జోన్ సర్దుకునేది. ఎవరు ఏ ఖాళీని మూయాలో కుదిరిపోయేది. దాంతో కిక్-ఇన్ కొట్టేవాడికి దారులన్నీ మూసుకుపోయి, బంతి తిరిగి వచ్చిన వైపే వచ్చేది. ఆటలో వేగం పెంచాలని 2006 సీజన్ నుంచి ఆ నిరీక్షణ తీసేశారు. జెండా ఊగుతుండగానే బంతి కొట్టేయొచ్చు. గోల్ వెనక అదనపు బంతులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి అందుకుని, ఎదుటి జట్టు సర్దుకునేలోపే దూరంగా కొట్టడం అలవాటైంది. కోచ్‌లు దీన్ని వెంటనే అందిపుచ్చుకున్నారు. కిక్-ఇన్ కొట్టేవాడిగా జట్టులో బాగా తన్నగలిగేవాణ్ని ఎంచుకోవడం, మైదానం పక్క అంచుల వెంట ఇద్దరు ముగ్గురిని ముందే పరుగు పెట్టించడం, ఇవన్నీ సాధనలో భాగమయ్యాయి. 2019లో ఇంకో అడుగు ముందుకేశారు. కిక్-ఇన్ కొట్టేవాడు ముందుగా బంతిని తనకు తానే తన్నుకోనక్కర్లేదు, స్క్వేర్ నుంచి నేరుగా పరుగెత్తి బయటికి రావొచ్చు.

ఆట కోణంలో చూస్తే ఇది మంచి మార్పే. అంపైరింగ్ కోణంలో చూస్తే, గోల్‌కూ బిహైండ్‌కూ మధ్య పెద్ద తేడా వచ్చిపడింది. గోల్ పడితే బంతి మైదానం మధ్యకు వెళ్తుంది, ఆటగాళ్లు తమ స్థానాలకు చేరతారు. ఆ విరామంలో అంతా మళ్లీ చూసుకోవచ్చు. బిహైండ్ పడితే అలాంటి విరామమే లేదు. పొరపాటున ఇచ్చిన గోల్‌ను దిద్దుకునే వ్యవధి ఉంది. పొరపాటున ఇచ్చిన బిహైండ్‌ను దిద్దుకునే వ్యవధి లేదు.

వీడియో రివ్యూ వచ్చినప్పుడు ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికి అందరి మనసులో ఉన్నవి తప్పుగా ఇచ్చిన గోల్స్. 2009 గ్రాండ్ ఫైనల్‌లో జీలాంగ్ ఆటగాడు టామ్ హాకిన్స్ కొట్టిన బంతి పోస్టుకు తగిలినా గోల్ ఇచ్చారు. సెయింట్ కిల్డా ఆ మ్యాచ్‌ను 80–68తో, 12 పాయింట్ల తేడాతో పోగొట్టుకుంది. 1966లో ఒకే ఒక్క పాయింటుతో గెలిచిన ట్రోఫీ తప్ప మరొకటి చూడని జట్టు అది. ఆ అభిమానుల దగ్గర హాకిన్స్ గోల్ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారుతుంది. 2011 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడు షారడ్ వెల్లింగమ్ విషయంలోనూ అదే తప్పు. ఆ మ్యాచ్‌ను జీలాంగ్ 38 పాయింట్ల తేడాతో గెలిచింది కాబట్టి ఫలితం మారలేదు. కానీ రెండేళ్ల వ్యవధిలో రెండు గ్రాండ్ ఫైనల్స్‌లో ఒకే పొరపాటు జరిగేసరికి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్) కదలక తప్పలేదు. 2012లో రివ్యూ మొదలైంది. 2019లో అన్ని మైదానాల దృశ్యాలనూ ఒకేచోట కూర్చుని చూసే ఏఆర్‌సీ (ఏఎఫ్‌ఎల్ రివ్యూ సెంటర్)ని మెల్‌బోర్న్‌లో పెట్టారు.

రివ్యూ నడిచే తీరు ఇది. అనుమానం వస్తే గోల్ అంపైర్ ముందు తన అభిప్రాయం చెబుతాడు: "గోల్ అనుకుంటున్నాను, చెయ్యి తగిలిందేమో చూడండి." వీడియోలో స్పష్టంగా తేలితే మారుస్తారు, తేలకపోతే ఆయన మాటే నిలుస్తుంది. క్రికెట్‌లో ఉండిన సాఫ్ట్ సిగ్నల్ లాంటిదే. ఐసీసీ 2023 జూన్‌లో దాన్ని తీసేసింది. అసలు తేడా ఇంకోటుంది. క్రికెట్‌లో ప్రతి బంతి తర్వాత ఆట దానంతటదే ఆగుతుంది. థర్డ్ అంపైర్‌కు వ్యవధి పుట్టుకతోనే ఉంది. ఫుటీలో ఎవరో ఒకరు ఆపమంటేనే ఆట ఆగుతుంది. బిహైండ్ విషయంలో ఆ భారం గోల్ అంపైర్ మీద పడింది.

వీడియో ఉంటే అన్నీ తేలతాయనుకోవడమూ పొరపాటే. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి సెకనుకు 20 మీటర్లు కదులుతుంది. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య బంతి 40 సెంటీమీటర్లు జరిగిపోతుంది. బంతి పొడవు చూస్తే 30 సెంటీమీటర్ల లోపే. వేలు తాకిన క్షణం ఆ రెండు ఫ్రేముల నడుమ పడితే దాన్ని ఏ తెరా చూపలేదు. పైగా కోడిగుడ్డు ఆకారపు బంతి గిరగిరా తిరుగుతూ వస్తుంది. వేలు తగిలి తిరుగుడు మారిందా, దానంతటదే మారిందా అన్నది చూసేవాళ్ల అంచనా.

పోస్టు కన్నా ఎత్తుగా వెళ్లే బంతులు మరీ చిక్కు. సరిగ్గా పోస్టు నెత్తి మీదుగా వెళ్తే బిహైండ్. అంటే పోస్టును ఆకాశంలోకి పొడిగించి ఊహించుకోవాలి. ఓడితే సీజన్ ముగిసిపోయే 2022 ఎలిమినేషన్ ఫైనల్‌లో బ్రిస్బేన్ మీద రిచ్‌మండ్ ఆటగాడు టామ్ లించ్ కొట్టిన బంతి అలాంటిదే. గోల్ అంపైర్ గోల్ అన్నాడు, ఏఆర్‌సీ బిహైండ్‌గా మార్చింది. తర్వాత జో డానిహర్ గోల్‌తో బ్రిస్బేన్ 106–104తో గెలిచింది. లీగ్ ఆ నిర్ణయాన్ని సమర్థించుకుంది. కెమెరా సరిగ్గా పోస్టు వరసలో లేకపోతే బంతి అసలున్న చోటుకు కాస్త పక్కన కనిపిస్తుందని ఫొటో తీసేవాళ్లెవరైనా చెబుతారు. అంత సందిగ్ధంలో, నేరుగా కింద నిలబడి చూసిన మనిషి మాటను ఎందుకు పక్కన పెట్టారన్న రిచ్‌మండ్ అభిమానుల ప్రశ్నకు బలం ఉంది.

ఏడాది తిరక్కుండానే అడిలైడ్. సీజన్ చివరికి వచ్చింది, ఆ మ్యాచ్ తర్వాత మిగిలింది ఒక్క రౌండే. అప్పట్లో 18 జట్లలో సీజన్ చివరి పోటీలైన ఫైనల్స్‌కు వెళ్లేవి 8. సిడ్నీ మీద ఓడితే అడిలైడ్ కథ ముగిసినట్టే. మాథ్యూ నిక్స్ శిక్షణలో జట్టు ఆ ఏడాది ధాటిగా గోల్స్ కొడుతోంది. 33 ఏళ్ల టేలర్ వాకర్ ఒక్కడే సీజన్‌లో 76 గోల్స్ కొట్టాడు. చివరి రెండు నిమిషాల్లో సిడ్నీ 2 పాయింట్ల ముందంజలో ఉండగా కీస్ కొట్టిన బంతి పోస్టు పక్క నుంచి లోపలికి వెళ్లింది. గోల్ అనుకుని అతను సంబరంలో మునిగాడు. గోల్ అంపైర్ మాత్రం బంతి పోస్టుకు తగిలిందని బిహైండ్ ఇచ్చాడు. రివ్యూ కోరలేదు. సిడ్నీ డిఫెన్స్ తనకు నేర్పింది నేర్పినట్టే చేసింది: బంతి అందుకుంది, వెంటనే కొట్టేసింది. అడిలైడ్ ఒక్క పాయింటు తేడాతో ఓడింది. రీప్లేలో బంతికీ పోస్టుకీ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపించింది. గోల్ ఇచ్చి ఉంటే అడిలైడ్ 4 పాయింట్ల ముందంజలో ఉండేది.

అప్పటి లీగ్ అధినేత గిలన్ మెక్‌లాక్లన్ మర్నాడు తప్పు ఒప్పుకున్నారు, ఫలితం మాత్రం మారదన్నారు. సిడ్నీ 8వ స్థానంతో ఫైనల్స్‌కు వెళ్లింది. ఆ గోల్ అంపైర్‌ను మిగతా సీజన్‌కు పక్కన పెట్టారు. రివ్యూ కోరి ఉండాల్సింది అన్నది లీగ్ మాట. నిజమే, కోరి ఉండాల్సిందే. కానీ తగిలిందని కచ్చితంగా నమ్మినవాడు రివ్యూ ఎందుకు కోరతాడు? రివ్యూ కోరడానికి అనుమానం ఉండాలి. అనుమానం లేని పొరపాటును పట్టుకునే వల అప్పటి పద్ధతిలో లేదు. గోల్ ఇచ్చి ఉంటే ఆయన అడగకపోయినా మధ్యలో బంతి వేసేలోపు ఏఆర్‌సీ చూసేది. బిహైండ్ ఇచ్చాడు కాబట్టి సెకన్లలోనే ఆట మైదానం అవతలి వైపుకు వెళ్లిపోయింది. ఒక మనిషిని తప్పించడంతో పద్ధతిలోని లోపం పోలేదు.

ఆ తర్వాత లీగ్ రివ్యూను బిగించింది. చాలామంది అభిమానులు అడిగేది ఇంకో మెట్టు పైది: పోస్టు దగ్గర బిహైండ్ పడితే, ఏఆర్‌సీ సరేననేదాకా కిక్-ఇన్ ఆపాలి. అలా ఆపితే ఎదుటి జట్టు జోన్ కట్టేస్తుంది, 2006కు ముందు రోజులు తిరిగొస్తాయన్న కోచ్‌ల భయమూ ఉత్తిది కాదు. బంతిలో చిప్ పెడితే సరిపోతుందనేవాళ్లున్నారు. సాకర్‌లో చిప్ తేల్చాల్సింది గీత దాటిందా లేదా అన్న ఒక్క సంగతే. ఇక్కడ వేలి కొస తాకిడి, పోస్టు రాపిడి, పోస్టు పైన గాల్లో బంతి ఉన్న చోటు, మూడూ తేలాలి.

నడిమార్గంగా చివరి రెండు నిమిషాల్లో మాత్రమే కిక్-ఇన్ ఆపితే చాలనే వాదన కూడా ఉంది. కీస్ బంతిని అది కాపాడేదే. అయితే రివ్యూ పుట్టడానికి కారణమైన హాకిన్స్ బంతి, వెల్లింగమ్ బంతి రెండూ పోస్టుకు తగిలింది సగం ఆట కాకముందే.